నూకరత్నం నాలుక

నూకరత్నం ఉమ్మితే దుంపలు ఎడమ గుట్టలోకి, మింగితే కుడి గుట్టలోకి. మెట్ట మీద అబ్బులుగారి సగ్గుబియ్యం మిల్లు గేటు దగ్గర ముప్పై ఏళ్ళుగా అదే చట్టం.

కర్రపెండలం పైకి చూస్తే అంతా ఒకటే. మట్టిరంగు తొక్క, లోపల సున్నంలా తెలుపు. కానీ ఒక తోట దుంప ఉడకబెట్టి పిల్లలకి పెట్టొచ్చు, పక్క తోట దుంప అలాగే పెడితే పిల్లలు ఆస్పత్రి పాలవుతారు. విషమున్న దుంప చేదు, లేనిది తీపి. ఆ తేడా కనిపెట్టడానికి మెట్టవాళ్ళ దగ్గర ఉన్న సాధనం నాలుక ఒక్కటే. బండి గేటు దగ్గర ఆగగానే నూకరత్నం నాలుగైదు దుంపలు విరిచి, గోరంత ముక్క తీసి పంటికింద పెట్టి కళ్ళు సగం మూసేది. బండివాళ్ళూ కూలీలూ ఆమె గొంతుకేసి చూస్తూ నిలబడేవారు. ఉమ్మిందా, ఆ సరుకు నానబెట్టి పిండితీసి ఎండబెట్టే సగ్గుబియ్యానికి పోతుంది. గుటక వేసిందా, సంతకి పోతుంది. నోరు విప్పి చెప్పే పనే లేదు. ముప్పై ఏళ్ళలో ఆ గొంతు ఒక్కసారి కూడా తప్పలేదు. అక్షరం ముక్క రాని మనిషికి అంతకంటే పెద్ద పట్టా ఎవరిస్తారు?

ఆ నాలుకే కూతురు హైమావతిని చదివించింది. బళ్ళో "నాలిక నూకరత్నం కూతురు" అని పిల్లలు ఏడిపిస్తే చిన్నప్పుడు హైమ ఇంటికొచ్చి ఏడ్చేది. సూక్ష్మజీవుల శాస్త్రం చదివి, ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కోళ్ళ పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరాక, అదే మాట అడగనివాళ్ళకి కూడా తనే చెప్పుకునేది.

మొక్కజొన్నకి ఎర్రబూజు తగిలిన మూడో ఏడు అది. దేశంలో ఎక్కడ కంకి వలిచినా లోపల తుప్పుపొడే. కోడి మేతలో సగానికి పైన మొక్కజొన్నే కదా, అది లేకపోయేసరికి షెడ్లకి షెడ్లు ఖాళీ అయ్యాయి. రైతులు పెట్టలని ఊరికే ఇచ్చేస్తామన్నా పట్టుకెళ్ళేవాడు లేడు. మెట్ట మీద మాత్రం కర్రపెండలం ఎప్పట్లాగే ఎండకి నవ్వుతూ పెరుగుతోంది. పిండికి లోటు లేదు, లోటల్లా రెండే: అందులో విషముంది, బలం లేదు.

ఆ రెండు లోట్లనీ ఒకదానితో ఒకటి పూడ్చొచ్చని హైమకి తట్టింది.

రెండేళ్ళు తంటాలుపడి ఆమె ఒక తోడు తయారుచేసింది. పాలల్లో పెరుగు తోడులాగే, తురిమిన దుంపలో గరిటెడు కలిపి డ్రమ్ము మూతపెడితే మర్నాటికి పులుస్తుంది. మూత తీసిన మొదటి రోజు గదంతా ఇడ్లీ పిండి వాసన వేసింది. హైమ పసుపు కాగితం పట్టీ ఒకటి పిండి మీద వేలాడదీసింది. విషపు ఆవిరి తగిలితే ఆ పట్టీ ఇటుక రంగుకి తిరుగుతుంది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. పట్టీ పసుపుపచ్చగానే ఉంది.

"ఇంకో నలభైసార్లు చెయ్యమ్మా, అప్పుడు సంతోషిద్దాం," అన్నారు కేంద్రం పెద్ద పరంజ్యోతి గారు. తొందర పడని మనిషి ఆయన.

నలభైసార్లూ అయ్యాక హైమ ఒక పని చేసింది. వాళ్ళమ్మని బస్సెక్కించి కేంద్రానికి తీసుకొచ్చింది. నూకరత్నం పెట్టెలోంచి తీసిన మడత చీర కట్టుకుని, గుమ్మం బైట చెప్పులు విడిచి, ఆ గాజు సామాన్ల మధ్య ఒదిగి నిలబడింది.

"దుంపలో చేదూ విషమూ ముడివేసుకుని ఉంటాయమ్మా," అని చెప్పింది హైమ. "మా తోడుకి రెండు పనులు. మొదటిది ఆ ముడి విప్పడం. విప్పగానే చేదు పోతుంది, విషం విడిపడుతుంది. రెండోది ఆ విడిపడ్డ విషాన్ని తనే తినేసి, కోడికి కావలసిన మాంసకృత్తుగా మార్చడం."

"ఇసం తిని బలం ఇత్తాదా!" నూకరత్నం బుగ్గన వేలేసుకుంది. "మా అత్త కంటే నయమేనే."

అందరూ నవ్వారు. ఆమె చిటికెడు పిండి నోట్లో వేసుకుని కళ్ళు సగం మూసింది. అంతమంది శాస్త్రవేత్తలూ, మిల్లు కూలీల్లాగే, ఆమె గొంతుకేసి చూస్తూ నిలబడ్డారు. నూకరత్నం గుటక వేసింది. హైమ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు అమ్మని చూసి పడ్డ గర్వం ఆమె జన్మలో ఎప్పుడూ పడలేదు, ఇకమీదట పడబోదు కూడా.

రైతులకి పంచే గులాబీ కాగితం రాసే పని హైమకే పడింది. ఏడు తోడులు అయ్యాక పాతది పారబోసి కేంద్రం నుంచి కొత్త పొట్లం తెచ్చుకోవాలని రాసింది. చివరి సూచన దగ్గర పరంజ్యోతి గారు ఆగారు.

"ప్రతి డ్రమ్ముకీ పట్టీ పెట్టి చూడాలని రాయమ్మా."

"పట్టీ ఎవరు నమ్ముతారండీ? తడి తగిలిందంటారు, పాతదంటారు. మా మెట్టవాళ్ళు నమ్మేది నాలుకనే. విషం ఉంటే చేదు ఉండి తీరుతుంది కదండీ."

ఆయన సరేనని సంతకం పెట్టారు. కాగితం అచ్చయి వచ్చింది. ఆఖరి వరస ఇది: *రుచి చూడండి. చేదు లేకపోతే కోళ్ళకి పెట్టవచ్చు.*

రాసినప్పుడు అందులో అబద్ధమేమీ లేదు.

పండగ పిండివంట కూడా ఊళ్ళో అంత తొందరగా పంపకం కాదు, అలా పాకింది ఆ తోడు. అబ్బులుగారు మిల్లు పెరట్లో నలభై డ్రమ్ములు వేయించారు. ఖాళీ షెడ్లలో మళ్ళీ కోళ్ళ గోల మొదలైంది. తెల్లారేసరికి గిన్నె పట్టుకుని పక్క ఊరివాళ్ళు వచ్చేవారు, కాస్త తోడు పెట్టమని. ఇంటి ముందుకొచ్చి తోడు అడిగిన మనిషిని లేదని పంపడం మెట్ట మీద ఎక్కడా లేదు. పెరుగుకి లేని పట్టింపు దీనికెందుకుంటుంది? అడ్డుచెప్పే హక్కున్నది ఒక్క నూకరత్నానికే, ఆవిడే అందరికంటే నిండుగా గిన్నె నింపేది, ఇది మా అమ్మాయి తోడు అంటూ. కేంద్రంలో పొట్లాలు పొట్లాలుగానే మిగిలిపోయాయి.

హైమకి ఇది తెలుసు. ఊరికొచ్చినప్పుడల్లా చూస్తూనే ఉంది. "ఏడు తోడులే అని రాశాను కదమ్మా," అని ఒకసారి అంది.

"మీ అమ్మమ్మ కాడ నించి మనింట్లో పెరుగు తోడు మారలేదు, ఏవయ్యింది?" అంది నూకరత్నం. "నేను రోజూ సూత్తన్నానుగా."

అవును కదా అనుకుంది హైమ. కేంద్రంలో ఇరవై తోడుల దాకా పరీక్షించి చూశారు, ఏ తేడా రాలేదు. పైగా అమ్మ రుచి చూస్తోంది.

మిల్లు గేటు దగ్గర నూకరత్నం పని కూడా మారింది. దుంపల బండ్లకి బదులు ఇప్పుడు డ్రమ్ములు. రోజూ పొద్దున్నే నలభై డ్రమ్ములూ తిరిగి, ఒక్కోదాంట్లోంచి చిటికెడు తీసుకుని, కళ్ళు సగం మూసి, గుటక వేసేది. పూర్వం రోజుకి సగం బండ్లు ఉమ్మే పనే ఉండేది. ఇప్పుడు ఉమ్మాల్సిన అవసరమే రావడంలేదు. నలభై గుటకలు, నలభై డ్రమ్ములు, షెడ్లకి మేత.

ఆషాఢంలో పట్టిన ముసురు శ్రావణం దాటినా వదల్లేదు. మొక్కజొన్న చేలు పోయినచోట జనం బియ్యం మీద పడ్డారు, బియ్యానికి కటకట వచ్చింది. మిల్లులో దుంపలు తొక్కతీసే ఆడవాళ్ళలో లోవలక్ష్మి అని నూకరత్నం పక్కింటి మనిషి ఉంది. మొదట ఆవిడే పెరట్లోంచి చెంబుడు పులిసిన పిండి తెచ్చి అట్టు పోసింది. మెత్తగా, కమ్మగా వచ్చింది. ఆమె ఏడేళ్ళ కూతురు దేవి మూడు తిని నాలుగోది అడిగింది. వారం తిరిగేసరికి ఆ వీధిలో ప్రతి పొయ్యి మీదా అదే అట్టు.

హైమ శనివారం వచ్చినప్పుడు లోవ ఒక అట్టు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. "కోళ్ళ మేతమ్మా ఇది," అంది హైమ.

"కోడికి పనికొచ్చింది మనకి పనికిరాదా? మీ అమ్మ సూసే ఇచ్చింది," అంది లోవ.

హైమ తినేసింది. బాగుంది కూడా. సోమవారం కేంద్రానికి వెళ్ళి, మెస్సులో పప్పూ గుడ్డూ పెరుగూ వేసుకుని అన్నం తిని, ఆ సంగతి మరిచిపోయింది.

వినాయక చవితి దాటిన వారం, కేంద్రంలోని గుడ్ల కోళ్ళ షెడ్డులో హైమ గుడ్లు లెక్కపెట్టుకుంటోంది. ఆ షెడ్డుకి మేత కేంద్రం డ్రమ్ముల్లోంచి కాదు, అబ్బులుగారి పెరట్లోంచే వస్తుంది. ఊళ్ళో తోడు ఎలా పనిచేస్తుందో చూడాలని పరంజ్యోతి గారే అలా ఏర్పాటు చేశారు. ఒక పెట్ట నీళ్ళ గొట్టం దగ్గరకి నడిచి వస్తోంది. మడమ కింద ఆనడంలేదు. వేళ్ళ కొసల మీద, కర్రల మీద నడిచేవాడిలా, కాళ్ళు బిగబట్టుకుని వస్తోంది. హైమ నిలబడి చూసింది. దాని వెనకది కూడా అలాగే నడుస్తోంది. మూలనున్న పదిహేను పెట్టలు నడవడమే మానేశాయి.

మాంసపు కోళ్ళకి కాళ్ళు పోవడం కొత్తేం కాదు, ఒళ్ళు బరువెక్కి పడిపోతుంటాయి, నలభయ్యో రోజుకి అవి కోతకి వెళ్ళిపోతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ గుడ్ల పెట్ట బరువెక్కదు. అది ఏడాదికి పైగా బతుకుతుంది. నెమ్మదిగా వచ్చే జబ్బేదైనా ఉంటే బైటపడేది దాంట్లోనే.

హైమ తొట్టిలోంచి గుప్పెడు మేత తీసి నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. పరుగెత్తుకుంటూ గదిలోకి వెళ్ళి పసుపు పట్టీ వేలాడదీసింది. పట్టీ పసుపుగానే ఉంది. అమ్మయ్య అనుకోబోయింది. అంతలో ఏదో అనుమానం వచ్చి, ఆ పిండిలో చిటికెడు వంటసోడా కలిపి, దాని పులుపు విరిచి, మళ్ళీ కొత్త పట్టీ పెట్టింది.

ఆమె కళ్ళముందే పట్టీ ఇటుక రంగుకి తిరిగింది.

పులుపున్నంతసేపూ విషం అందులో నిద్రపోతోంది. ఆవిరై పోవడంలేదు, రుచికి తెలియడంలేదు. కడుపులోకి దిగి, పేగుల్లో ఆ పులుపు విరగగానే లేస్తోంది.

రెండు రోజులు హైమ గది వదిలి రాలేదు. పరంజ్యోతి గారు భోజనం అక్కడికే పంపించారు. మూడోరోజు మధ్యాహ్నానికి సంగతి తేలింది. తోడుకి పెట్టిన రెండు పనుల్లో మొదటిది, ముడి విప్పడం, దాని పొట్టకోసం. విప్పితే చక్కెర దొరుకుతుంది, అందుకని అది ఎప్పటికీ మానదు. రెండోది, విషాన్ని తినడం, దానికి బరువు. ఎక్కడో వేడికో ముసురుకో ఆ బరువు దించేసుకున్న జీవి ఒకటి పుట్టింది. పని ఎగ్గొట్టింది కాబట్టి తొందరగా పెరిగింది. గిన్నెలోంచి గిన్నెలోకి, రోజుకొక తోడు చొప్పున వెళ్తుంటే ప్రతిసారీ అదే ముందుంది. ల్యాబులో వాళ్ళు చూసింది ఇరవై తోడులు, ఊళ్ళో ఇప్పటికి రెండు వందలు దాటాయి. ఇప్పుడా డ్రమ్ముల్లో ఉన్నదంతా చేదు తీసేసి విషం మిగిల్చే తోడే.

"ఇలాంటి జబ్బు మనుషుల్లో ఉందమ్మా," అన్నారు పరంజ్యోతి గారు పుస్తకం మూస్తూ. "సముద్రాల అవతల, ఈ దుంప మీదే బతికే కరువు దేశాల్లో. వాళ్ళ భాషలో దాని పేరుకి కట్టేసిన కాళ్ళు అని అర్థమట. పప్పూ గుడ్డూ తినేవాళ్ళ ఒంట్లో విరుగుడు తయారవుతుంది, వాళ్ళకేం కాదు. ఏమీ లేనివాళ్ళకే వస్తుంది. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఎక్కువ."

"తగ్గుతుందాండీ?"

ఆయన తల అడ్డంగా ఊపారు. హైమ చేతిసంచీ తీసుకుని బస్సుకి పరుగెత్తింది.

ఊరు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. చినుకులు పడుతున్నాయి. నూకరత్నం నీళ్ళబిందె చంకనెత్తుకుని వీధి కుళాయి దగ్గర్నుంచి వస్తోంది. హైమ గుమ్మం ముందు నిలబడిపోయింది. అమ్మ మడమలు నేలకి ఆనడంలేదు.

"ఎన్నాళ్ళయిందమ్మా ఇలాగ?"

"ఏంటే, ఈ కాల్లా? ముసురుకి పట్టేసినాయి. ఆవనూనె రాత్తన్నాను." నూకరత్నం బిందె దించి, గోడ పట్టుకుని అరుగు మీద కూర్చుంది. "లోవ కూతురికి కూడా అలాగే ఉంది. అది నాలుగు రోజుల నించి లేవడమే లేదు. ఎండొత్తే అదే పోద్దిలే."

హైమ అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి చెప్పింది. దాచకుండా, మెల్లగా, కోళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. నూకరత్నం మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది.

"సేదు లేదే అందులో."

"చేదు పోయిందమ్మా. విషం పోలేదు."

నూకరత్నం చాలాసేపు తన కాళ్ళకేసే చూసుకుంది. చినుకులు పెద్దవయ్యాయి. పక్కింట్లోంచి లోవ కూతుర్ని నవ్వించాలని ఏదో పాట పాడుతోంది.

"అయితే నేను మింగి సూపిచ్చిందంతా ఇసవేనా?"

హైమ తలూపింది. ఆమె ఏడుస్తోంది, అమ్మ ఏడవలేదు.

మర్నాడు పొద్దున్నే హైమ మిల్లుకి వెళ్ళింది. అప్పటికే మేత పట్టుకెళ్ళడానికి షెడ్లవాళ్ళూ, అట్ల పిండికి చెంబులు పట్టుకుని ఆడవాళ్ళూ పెరట్లో చేరారు. లోవ కూడా ఉంది, కూతుర్ని చంకలో వేసుకుని వచ్చింది. పిల్ల కాళ్ళు కత్తెర వేసినట్టు ఒకదానిమీద ఒకటి బిగుసుకుని వేలాడుతున్నాయి.

హైమ మొదటి డ్రమ్ములోంచి పిండి తీసి, సోడా కలిపి, పట్టీ పెట్టి, రంగు మారడం అందరికీ చూపించింది. "ఇది విషం. ఈ పెరట్లో ఉన్నదంతా పారబోయండి. కోళ్ళకి పెట్టకండి, మీరు అసలే ముట్టుకోకండి."

అబ్బులుగారు పట్టీ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చెడ్డమనిషి కాదాయన. "సోడా వేస్తే వంట పసుపు కూడా ఎర్రగా అవుతుందమ్మా. నిన్నటిదాకా బంగారమన్నావు, ఇయ్యాల విషమంటున్నావు. ఇన్ని షెడ్లకి ఈ పూట మేత నేనేం పెట్టాలి చెప్పు?"

"కేంద్రంలో పొట్లాలు మిగిలిపోయాయంట కదండీ," అన్నాడు ఒక షెడ్డువాడు, నవ్వుతూ. "అవి అమ్ముడవ్వొద్దూ?"

"మొన్న కూడా నూకరత్నం మింగింది," అంది ఎవరో ఆడమనిషి. "ఆవిడకంటే తెలుసా ఈ కాయితం ముక్కకి?"

హైమ డ్రమ్ములోంచి పిండి తీసి నాలుక మీద వేసుకుంది, ఏ కాస్త చేదైనా తగులుతుందేమో, వీళ్ళకి చూపిద్దామని. పులుపు వెనకే తీపి తగిలింది, చేదు లేదు. పక్క డ్రమ్ములోదీ అంతే. ఆమె చేతులు రెండూ వేలాడేసి నిలబడింది. అప్పటికే ఒకడు గంప ముంచి మేత ఎత్తుకుంటున్నాడు. లోవ చెంబు ముందుకి చాచింది.

గేటు దగ్గర అలికిడైంది. నూకరత్నం వస్తోంది. వెదురుకర్ర పట్టుకుని, కాలివేళ్ళ మీద, పది అడుగులకోసారి ఆగుతూ, ఇంటి దగ్గర్నుంచి అంత దూరమూ అలాగే నడిచి వచ్చింది. కట్టుకున్నది కేంద్రానికి కట్టుకొచ్చిన మడత చీర. జనం దారి ఇచ్చారు. ఆమె కూతురికేసి చూడలేదు. నేరుగా మొదటి డ్రమ్ము దగ్గరకి వెళ్ళి, చిటికెడు పిండి తీసి నోట్లో వేసుకుని, కళ్ళు సగం మూసింది. అందరూ ఆమె గొంతుకేసి చూస్తూ నిలబడ్డారు.

నూకరత్నం ఉమ్మేసింది.

ఆమె రెండో డ్రమ్ము దగ్గరకి వెళ్ళింది, మళ్ళీ ఉమ్మింది. మూడో దాని దగ్గరా అంతే. హైమకి అప్పుడర్థమైంది. ఆ పిండిలో చేదు లేదని ఆ పెరట్లో తెలిసినవాళ్ళు ఇద్దరే. ముప్పై ఏళ్ళలో అమ్మ చెప్పిన మొదటి అబద్ధం అది.

గంప ఎత్తినవాడు గంప వదిలేశాడు. పదో డ్రమ్ము దగ్గర అబ్బులుగారు ముందుకొచ్చారు. "అదేంటి నూకరత్నం? మొన్న ఇయ్యే డ్రమ్ములు మింగావు కదా?"

"మొన్న నా నాలిక మొద్దుబారిపోయింది బాబూ," అంది నూకరత్నం. గట్టిగా, అందరికీ వినబడేలా అంది. "సేదు తెలవలేదు. ఇయ్యాల తెలిసింది."

"ఎన్నాళ్ళ నించి తెలవడంలేదు?"

"ముసురు పట్టిన కాడ నించి."

లోవ చేతిలో చెంబు జారి కిందపడింది. ఆమె చంకలోని పిల్ల కాళ్ళు చూసుకుంది, తర్వాత నూకరత్నాన్ని చూసింది. "తెలవనిదానివి ఎందుకు మింగావే? నీ నోరు నమ్మి నా పిల్లకి పెట్టాను కదే. నీ గొంతు సూసి పెట్టాను కదే! నీ నాలిక పడిపోనూ, ఆ రోజే సెప్పి సావలేకపోయావా?"

నూకరత్నం కర్ర ముందుకి వేసింది. పదకొండో డ్రమ్ముకేసి నడిచింది. హైమ నోరు తెరిచింది. అమ్మ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. హైమ నోరు మూసుకుంది. ఆ తర్వాత జన్మంతా ఆమె తనని తాను క్షమించుకోలేకపోయింది ఆ క్షణానికే.

నలభై డ్రమ్ములకీ నలభైసార్లు ఉమ్మింది నూకరత్నం. ఆమె ఉమ్మిన డ్రమ్మునల్లా మగవాళ్ళు పడదోసుకుంటూ వచ్చారు. పెరడంతా తెల్లటి పిండి పారి, వానకాలవలో కలిసిపోయింది. పన్నెండింటికి ఒక్కటీ మిగల్లేదు. అబ్బులుగారు రేపటి నుంచి గేటు దగ్గరకి రావద్దని ఆమెకి చెప్పలేదు. చెప్పే అవసరం లేదని అందరికీ తెలుసు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమెకి ఎవరూ చెయ్యి అందివ్వలేదు, కూతురు తప్ప.

మధ్యాహ్నం హైమ అన్నం వండి, పప్పు వేసి కలిపి, అమ్మకి ముద్ద పెట్టింది. నూకరత్నానికి చేతులు కూడా వణుకుతున్నాయి. వీధిలో ఇంకా లోవ శాపనార్థాలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అమ్మా," అంది హైమ. "గులాబీ కాగితంలో ఆఖరున, చేదు లేకపోతే పెట్టవచ్చు అని ఉంది. పట్టీ పెట్టి చూడమని రాయమన్నారు పరంజ్యోతి గారు. పులుపులో ఆ పట్టీ కూడా మోసపోయేదే, అయినా అది వద్దని, నాలుక చాలని రాసింది నేనే. నీ నాలుకకి పేరొస్తుందని రాశాను. నేను వెళ్ళి లోవతో చెప్పేస్తాను. తప్పు నాది."

నూకరత్నం నోట్లో ముద్ద అలాగే ఉంది. నమలడం ఆపేసింది. కళ్ళు సగం మూసింది. హైమ అమ్మ గొంతుకేసి చూస్తూ కూర్చుంది. ఉమ్మేస్తుందనే అనుకుంది, ఉమ్మేయాలనే కోరుకుంది.

చాలాసేపటికి నూకరత్నం గుటక వేసింది.

"ఈ తోడు ఎన్నూల్లకి ఎల్లిందో నాకు తెలుసు," అంది. "గిన్నెలు నింపింది నేనే కదా. ముప్పయ్యారు ఊల్లు. నేను నడవలేను. నువ్వెల్లాలి. తప్పు నీదని తెలిత్తే నీ మాట ఎవరు ఇంటారే? కాయితం రాసినోల్లే ఇసం పెట్టారంటారు, కర్రలు తీసుకుని తరుంతారు, పిండి మాత్రం తింటానే ఉంటారు. నా నాలిక ఎటూ పోయింది. నీ మాట ఉండాలి."

"నా వల్ల కాదమ్మా."

"ఆ పిల్ల కాల్లు సూసావా? అయినాక సెప్పు నీ వల్ల కాదని." నూకరత్నం నోరు తెరిచింది, ఇంకో ముద్ద కోసం.

మర్నాడు ముసురు విడిచి ఎండ కాసింది. హైమ మొదటి ఊరు చేరేసరికి తొమ్మిదైంది. షెడ్డు ముందు ఆరు డ్రమ్ములున్నాయి, అరుగు మీద ఒకావిడ అట్లు పోస్తోంది, పక్కన ఇద్దరు పిల్లలు పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. ఒక పిల్లవాడు లేచి నిలబడితే మడమలు నేలకి ఆనలేదు. హైమ సోడా కలిపింది, పట్టీ పెట్టింది, రంగు చూపించింది, చెప్పవలసిందంతా చెప్పింది. నిన్న అబ్బులుగారి పెరట్లో ఏం జరిగిందో ఆ ఊరికి అప్పటికే తెలిసింది.

అట్లు పోసే ఆవిడ పెనం కింద మంట ఆపకుండానే లేచి వచ్చింది. పిల్లవాడి కాళ్ళు చూసింది. హైమ ముఖంలోకి చూసింది.

"అయితే ఇది మంచిదే, పెట్టుకోవచ్చని మా అందరికీ సెప్పింది ఎవరమ్మా?"

హైమ చేతిసంచీలో పంచగా మిగిలిన గులాబీ కాగితాల కట్ట ఉంది. దాని మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

"మా అమ్మ," అంది.

వాళ్ళు డ్రమ్ములు పడదోయడానికి వెళ్ళారు.